చిత్తూరు సీమలో సాధ్యాసాధ్యవిచారము

వ్యాధి పేరు చెప్పగల వైద్యుడు ప్రతి కాలమునందును ఉండెను గాని, ఆ వ్యాధి రోగిని ఎంత దూరము పోనిచ్చునో ముందుగా చెప్పగల ధైర్యము కలవాడు అరుదు. మన ప్రాచీనులు ఈ రెండవ పనికి సాధ్యాసాధ్యవిచారమని పేరు పెట్టి, చికిత్సకంటెను దీనికే ఎక్కువ జంకిరి. చరకసంహిత సూత్రస్థానము పదవ అధ్యాయములో రోగములను సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము, యాప్యము, అసాధ్యము అని నాలుగు తెగలు చేసి, అసాధ్యమైనదానికి చేయి పెట్టిన వైద్యునకు ధనము, విద్య, కీర్తి మూడును నశించునని హెచ్చరించినది. అంతటితో ఊరకొనక ఇంద్రియస్థానమను పేర పన్నెండధ్యాయములను మరణసూచకములగు చిహ్నములను వర్ణించుటకే వినియోగించినది. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో కడుపున గడ్డ పుట్టిన వృద్ధుని విషయమున ఈ తీర్పు చెప్పు అధికారము నూఱేండ్లలో ఎవరి చేతినుండి ఎవరి చేతికి మాఱినదో, అట్లు మాఱుటలో ఆ వృద్ధునకు ఒరిగినదేమో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

గుల్మమును, అనగా కడుపులోని గడ్డను, గూర్చి చరకుడు వ్రాసినది చదివిన నేటి వైద్యునకు ఆశ్చర్యము కలుగక మానదు. గుల్మము లైదు విధములని చెప్పి, వానిలో క్రమక్రమముగా పేరుకొని, విశాలమైన చోటు నాక్రమించి, వేరు పాతుకొని, సిరలు అల్లుకొని, తాబేటివలె పైకుబికినది అసాధ్యమనియు, దానికి దౌర్బల్యము, అన్నముపై విముఖత, డోకు, వాంతి తోడైనచో ఆశ వదలుకొనవలసినదేయనియు ఆయన నిర్ణయించెను. ముదిరిన జీర్ణకోశపు క్యాన్సరును వర్ణింపబూనినవాడు ఇంతకంటె వేఱుగా వ్రాయునది స్వల్పము. గుల్మమన్నదెల్ల క్యాన్సరని నేననను. స్త్రీల గర్భాశయమునందలి గడ్డలు మొదలుకొని కడుపులో అటునిటు తిరుగు వాయువు వఱకు అన్నియు ఆ పేరి క్రిందికే వచ్చెడివి. నా దృష్టి నాకర్షించినది మఱియొకటి. ఆ పదవ అధ్యాయమునందే గర్భిణికిని, బాలునకును, వృద్ధునకును వచ్చిన వ్యాధి, ఉపద్రవములు మితిమీఱనిచో, కృచ్ఛ్రసాధ్యమని చెప్పబడినది. వార్ధకము చికిత్సను కష్టతరము చేయునే గాని దానిని నిషేధింపదని దీని భావము. శాస్త్రము గీచిన ఈ గీతను ఆచారము ఏనాడో చెఱిపివేసినది. అరువదియేండ్లు దాటినవానికి అన్నము సయింపక, చిక్కి శల్యమై, తిన్నది తిన్నట్లు కక్కుకొనుచుండెనేని, ఆ గుల్మము తాబేటివలె ఉబికినదా లేదా యని తడిమి చూచువాడు గూడ కఱవయ్యెను.

పుంగనూరు, కార్వేటినగరము, శ్రీకాళహస్తి జమీందారీలలోని పల్లెల వైద్యులకు వల్లభాచార్యుని వైద్యచింతామణియు, బసవరాజీయమును ఆధారగ్రంథములు. నాడి పట్టి చూచుట, నాలుక చాపించుట, కడుపు నొక్కి చూచుట, ఆపై శొంఠి, వాము, ఇంగువ చేరిన చూర్ణమొకటి ఇచ్చి పథ్యము చెప్పుట వారి క్రమము. కొన్నాళ్ళకు గుణము కనబడనిచో పెద్దకొడుకు వాకిటిలోనికి వచ్చి, గొంతు తగ్గించి, “మా నాయన ఇంగెన్నాళ్ళుంటాడు సామీ?” యని అడుగును. వైద్యుడు ఆకాశము వంక చూచును. లేదా, కాటికి కాళ్ళు చాచిన ప్రాణము నెందుకు మందులతో బాధపెట్టుటయని, అడిగిన వానికి తెలిసిన మాటనే తిరిగి చెప్పును. ఇంటిలో ఆడువారు పసుపుగుడ్డలో కాసు చుట్టి ఏడుకొండలవానికి ముడుపు కట్టి దేవుని మూల నుంచెదరు. ఆపదమొక్కులవాడని ఆ స్వామికి పేరు వచ్చుటకు ఇట్టి ముడుపులెన్ని కారణమైనవో లెక్కింప నలవికాదు. ఈ ఆచారమును పరిహసించుట సులభమే గాని, వైద్యుడు పలుకక ఊరకొన్నచోట ముడుపొక్కటే ఆ యింటివారు చేయగలిగిన పనియై యుండెనని మఱవరాదు. నాటి పల్లెలో అరువది దాటి బ్రతుకుటయే గొప్ప. ఆపై వచ్చిన రోగమునకు కారణము వయస్సేయని చెప్పినచో ప్రశ్న వేయువాడు లేడు.

1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినది. అంతకుముందు చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. క్రొత్త జిల్లాలో ఉత్తరార్కాటు తాలూకాలతో పాటు కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును చేరినవి. పాలనా సరిహద్దు గీచినంత మాత్రమున రోగి నడిచే దారి మాఱదు. కాట్పాడినుండి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికి వచ్చు మీటరుగేజి రైలు అంతకు ఇరువది యేండ్ల క్రిందటనే పడియుండెను. చిత్తూరునకు రాయవేలూరు నలువది కిలోమీటర్లలోపు దూరము. ఆ వేలూరిలో ఐడా స్కడ్డరు అను అమెరికా మిషనరీ వైద్యురాలు 1900 సంవత్సరమున ఒక గదిలో ప్రారంభించిన వైద్యము 1902లో నలువది పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రియై, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలయై, క్రమముగా నేటి క్రైస్తవ వైద్యకళాశాలగా విస్తరించినది. చిత్తూరు సీమవారికి అది దొరసాని ఆసుపత్రి. జిల్లాలో మదనపల్లెకు దగ్గఱ ఆరోగ్యవరమందు క్షయరోగులకు పేరుపొందిన శానటోరియము వెలసి, డేన్మార్కు దేశీయుడగు ఫ్రిమాట్ మోలర్ పర్యవేక్షణమున దేశమునందెల్ల ప్రసిద్ధి కెక్కెను గాని అది ఊపిరితిత్తులకు సంబంధించినది. కడుపునకు గతి వేలూరో, మదరాసో. ఎద్దుబండిపై స్టేషను చేరి, మూడవ తరగతి పెట్టెలో ముసలివానిని పరుండబెట్టుకొని పోయిన కుటుంబములు ఆ ప్రయాణముతోనే ఒక నిర్ణయము చేసినట్లు: పొలము కుదువ పెట్టియో, పశువు నమ్మియో, తండ్రి ప్రాణమునకు ఒక వెల యున్నదని ఒప్పుకొన్నట్లు. అందఱును ఒప్పుకొనలేదు. వృద్ధుడే వలదనుట గూడ మిక్కిలి సాధారణము.

వేలూరికి పోయినచో అక్కడ జరుగునదేమి? జీర్ణకోశమును కోసి, చెడిన భాగమును తీసివేసి, మిగిలినదానిని ప్రేగుతో కలిపి కుట్టుట యను శస్త్రవిద్య అప్పటికి మిక్కిలి పాతది కాదు. 1879లో పారిస్ నగరమున పేఆఁ, 1880లో పోలండుదేశీయుడగు రిడిగియర్ ప్రయత్నించి రోగులను కోల్పోయిన పిదప, 1881 జనవరి 29వ తేదీన వియన్నాలో థియొడోర్ బిల్‌రోత్ 43 ఏండ్ల స్త్రీకి జీర్ణకోశాంతమున పెరిగిన క్యాన్సరును కోసి తీసి, ఆమెను బల్లపైనుండి ప్రాణముతో దింపెను. ఆమె లేచి అన్నము తిన్నది. నాలుగు నెలలకు వ్యాధి తిరుగబెట్టి మరణించినది. ఈ రెండు వాక్యములలో జీర్ణకోశపు క్యాన్సరు శస్త్రచికిత్సయొక్క తరువాతి నూఱేండ్ల చరిత్ర ఇమిడియున్నదని చెప్పవచ్చును. కోయుట నేర్చిరి; కోసిన తరువాత ఎవరు నాలుగు నెలలుందురో, ఎవరు నాలుగేండ్లుందురో తెలియకపోయెను.

దక్షిణభారతమున ఈ విద్యను అసాధారణముగ అభ్యసించినవాడు హోవర్డ్ సోమర్వెల్. 1922, 1924 సంవత్సరముల ఎవరెస్టు యాత్రలలో పాల్గొని, ప్రాణవాయువు తిత్తులు లేకయే ఇరువదియెనిమిది వేల అడుగుల దాపునకు ఎక్కిన ఈ ఆంగ్లేయుడు, తిరువాన్కూరు సంస్థానమున నెయ్యూరులోని మిషను ఆసుపత్రిని చూచి, లండనులో తన కొఱకు ఎదురుచూచుచున్న వృత్తిని వదలి అక్కడనే నిలిచిపోయెను. వచ్చిన రోగులలో అన్నాశయపు పుండ్లవారి సంఖ్య చూచి విస్తుపోయి, వారికి శస్త్రచికిత్స చేయుటలో ఏండ్లు గడపి, జీర్ణకోశ శస్త్రచికిత్సపై 1948లో గ్రంథము ప్రకటించి, ఆపై 1961 వఱకు వేలూరు కళాశాలలో శస్త్రవిద్య బోధించెను. చిత్తూరు సీమ రోగులు వేలూరు చేరు నాటికి అక్కడి శస్త్రవైద్యులకు కడుపు తెలిసిన అవయవమగుటకు ఇట్టివారి అభ్యాసము కొంత కారణము. తెలిసిన అవయవమైనను, వృద్ధులు తఱచుగా కాలము మించిన తరువాతనే వచ్చెడివారు. కడుపు తెరచి చూడగా గడ్డ కాలేయమునకును, వెనుకనున్న క్లోమమునకును అంటుకొనియుండుట, చేయునది లేక తిరిగి కుట్టివేయుట, రోగి ఊరు చేరిన నెలలలోనే మరణించుట సామాన్యమయ్యెను. “కోసి చూసి మళ్ళా కుట్టేసినారు” అను మాట పల్లెలలో ఒక తీర్పువలె వ్యాపించినది. కత్తి తగిలినచో గడ్డ ప్రాకునను నమ్మకము ఇట్టి అనుభవములనుండియే బలపడినదని నా యభిప్రాయము. కత్తి ప్రాకించలేదు, ప్రాకిన పిదప కత్తి వచ్చినది; ఆ తేడాను వివరించి చెప్పుటకు ఎవరికిని తీరిక లేకపోయెను.

మదరాసు దారి వేఱు. జనరల్ ఆసుపత్రికి అనుబంధముగ 1934లో బర్నార్డు రేడియాలజీ సంస్థ ప్రారంభమై, ఎక్స్‌రే పరీక్షయు, రేడియముతో చికిత్సయు ఒకచోట లభింపజొచ్చినవి. బేరియము కలిపిన తెల్లని ద్రవమును త్రాగించి, కడుపు నీడను పలకపై చూచి, ఆ నీడలో కొఱికినట్లున్న లోపమును బట్టి గడ్డను గుర్తించు పద్ధతి ఆ కాలమున వచ్చినది. గడ్డ యున్నదని నీడ చెప్పెను, ఎట్టిదో చెప్పలేదు. చెల్లెలు క్యాన్సరుతో మరణింపగా చూచిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలవలన 1954లో అడయారునందు క్యాన్సరు సంస్థ తలుపులు తెరచెను. అప్పటికి 1953 అక్టోబరు 1వ తేదీతో చిత్తూరు ఆంధ్రరాష్ట్రమున చేరి, మదరాసు పరరాష్ట్ర రాజధాని యైనది; 1960లో తిరుత్తణి అటు పోయినది. రోగులకు ఈ సంగతి పట్టలేదు. అడయారుకు రైలెక్కుటయు, అచట తమిళము మాటలాడుటయు సరిహద్దునకు ఇరువైపుల వారికి క్రొత్త కాదు. 1981లో భారత వైద్యపరిశోధనా మండలి జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ కార్యక్రమమును ఆరంభించినపుడు మదరాసు నగరము తొలి కేంద్రములలో నొకటి. ఆ తొలి లెక్కలలో నగరపు పురుషులకు వచ్చు క్యాన్సరులలో జీర్ణకోశమునదే అగ్రస్థానమని తేలినది. చిత్తూరు సీమకు నాడు అట్టి రిజిస్ట్రీ లేదు గనుక ఈ సీమ సంగతిని మదరాసు లెక్కలనుబట్టి ఊహించుకొనుచుంటిమి. ప్రస్తావవశమున ఒక మాట: ఆ మదరాసు వైద్యకళాశాలలోనే చదివి, 1923లో అమెరికాకు పోయిన భీమవరము బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడపిన ప్రయోగశాలనుండి వెలువడిన అమినోప్టెరిన్ 1948లో పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికముగనైనను లొంగదీసి, మందుతో క్యాన్సరును ఎదుర్కొనవచ్చునని లోకమునకు చూపినది. ఆ యేడే ఆయన మరణించెను. ఆ తెగలోనిదే యగు మెథోట్రెక్సేటు తరువాతి దశాబ్దములలో జీర్ణకోశపు క్యాన్సరుకు వాడిన మందులలో గూడ నొకటి యయ్యెను.

తిరుపతి స్వయముగా వైద్యక్షేత్రమగుట ఆలస్యముగ జరిగినది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1960లో వైద్యకళాశాల, దానికి జతగా, బొంబాయి వర్తకుల కుటుంబపు దానముతో పేరుపడిన రుయా ఆసుపత్రి వచ్చినవి. దేవస్థానము 1993లో నడపనారంభించిన శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థ 1995లో విశ్వవిద్యాలయ హోదా పొంది, రాయలసీమవారేగాక నెల్లూరు, తమిళనాడు సరిహద్దులవారు గూడ ‘స్విమ్స్’ అని పిలుచుకొను పెద్దాసుపత్రి యైనది. హుండీలో పడిన కానుకకును, వార్డులోని పడకకును నడుమ ఇంత దగ్గఱ చుట్టఱికము మఱియే యూరిలోనైన కలదో లేదో. పూర్వము ముడుపు కట్టిన యింటివాడే ఇప్పుడు దేవస్థానపు ప్రాణదానపథకము క్రింద శస్త్రచికిత్సకు దరఖాస్తు పెట్టుకొనుచున్నాడు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరును గూడ చేర్చుకొనుటతో పొలము కుదువపెట్టు అవస్థ చాలవఱకు తగ్గినది. అలిపిరి చెంత దేవస్థానము కౌలుకిచ్చిన ఇరువదియైదెకరములలో టాటా సంస్థల తోడ్పాటుతో కట్టదలచిన క్యాన్సరు ఆసుపత్రికి 2018 ఆగస్టు 31న శంకుస్థాపన జరిగి, 2022 మే 5న ప్రారంభోత్సవము జరిగినది. దానికి ఒక నెల ముందే తిరుపతి వేఱు జిల్లా యైనది. నడకదారి భక్తులు తొలిమెట్టుకు మ్రొక్కు చోటికి కూతవేటు దూరమున నేడు “కరెంటు పెట్టించుకొనుటకు” వచ్చినవారు వరుస కట్టి కూర్చుండుట చూడవచ్చును. గొట్టము వేసి చూచుట, ముక్క పరీక్షకు పంపుట, కీమో ఎక్కించుట అను మాటలు పాకాల సంతలో గూడ వినబడుచున్నవి. ఒక తరములో భాష ఇంత మాఱినది.

భాషతో పాటు ముక్కకు గూడ విలువ హెచ్చినది. సోమర్వెల్ నాటికి గడ్డ తీర్పు శస్త్రవైద్యుని చేతివ్రేళ్ళది, పిదప సూక్ష్మదర్శినిది. 1965లో ఫిన్లాండు దేశపు లౌరెన్ జీర్ణకోశపు క్యాన్సరును రెండు జాతులుగా విడదీసెను: ప్రేగు పొరవలె గ్రంథులు కట్టి, తఱచుగా వయస్సు మీఱినవారికి వచ్చునది ఒకటి, గ్రంథులు కట్టక కణములు విడివిడిగా గోడలోనికి వ్యాపించి, చిన్నవారిని గూడ పట్టునది రెండవది. వృద్ధుని గడ్డయు, యువకుని గడ్డయు ఒకే వ్యాధి కాదను మాట ఇక్కడనే మొదటిసారి గట్టిగ వినవచ్చినది. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనువారు ఆమ్లములో బ్రతుకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవిని పట్టుకొనిరి. 1994లో అది క్యాన్సరు కారకములలో మొదటి తరగతికి చేర్చబడెను. 2005లో వారికి నోబెలు వచ్చెను. మంట, పొర పలుచనగుట, పొర స్వభావము మాఱుట, తుదకు క్యాన్సరు అని కొరియా అను కొలంబియా దేశీయుడు ముందే చెప్పియున్న మెట్లు ఈ జీవితో అర్థవంతమైనవి. ఈ మెట్లు దిగుటకు దశాబ్దములు పట్టును గనుకనే వ్యాధి వార్ధకమున బయటపడును. మనదేశమున పెద్దలలో అధికసంఖ్యాకుల కడుపులలో ఈ జీవి యున్నను జపానులో వచ్చినన్ని క్యాన్సరులు ఇక్కడ వచ్చుటలేదు. దీనికి పండితులు చెప్పు సమాధానములు పెక్కు, ఒప్పుకొన్నది ఒక్కటియు లేదు. మిరపకారము, ఉప్పు, ఊరగాయలమీద నెపము వేయువారు కలరు. దక్షిణదేశమున జరిగిన కొన్ని పరిశీలనలలో కారపు ఆహారమునకు కొంత సంబంధము కనబడినది నిజమే. రాగిసంగటి, కారపుపచ్చడి తిని తొంబదియేండ్లు బ్రతికిన ముసలివారిని చిత్తూరు సీమవాడెవడైనను చూపగలడు గనుక ఈ వాదము మనవారికి రుచించలేదు.

ఇంతవఱకు తీర్పరి కన్ను. తరువాతి తీర్పరి జన్యువు. 1998లో న్యూజీలాండు మావోరీ కుటుంబములలో తరతరముగా చిన్నవయస్సున జీర్ణకోశపు క్యాన్సరు వచ్చుటకు సీడీహెచ్1 అను జన్యువులోని లోపము కారణమని గిల్‌ఫర్డు, అతని సహచరులు కనుగొనిరి. 2010లో టోగా అను అంతర్జాతీయ ప్రయోగము, కణముపై హెర్2 అను ప్రోటీను అధికముగా నున్నవారికి ట్రాస్టుజుమాబ్ చేర్చినచో మధ్యస్థ ఆయువు 11.1 నెలలనుండి 13.8 నెలలకు పెరిగినదని చూపినది. రెండు నెలల పైచిలుకు లాభము పల్లెవానికి అల్పముగ తోచవచ్చును. గడ్డను పేరుతో గాక దాని మీది గుర్తుతో పిలిచి మందిచ్చుట జీర్ణకోశమున అదే తొలిసారి గనుక ఆ యేడు గుర్తుంచుకొనదగినది. 2014లో అమెరికావారి క్యాన్సరు జన్యుపటము 295 గడ్డలను పరీక్షించి నాలుగు జాతులుగ విభజించెను: ఎప్‌స్టీన్ బార్ వైరసు గుర్తు కలవి తొమ్మిది శాతము, మైక్రోశాటిలైట్ అస్థిరత కలవి ఇరువదిరెండు, జన్యుపరముగ నిలుకడ కలవి ఇరువది, క్రోమోజోములే చెదరినవి సగము. వీనిలో రెండవ జాతివారి మధ్యస్థవయస్సు 72. మూడవ జాతివారిది 59. ఏడాది తరువాత దక్షిణ కొరియాలో 300 గడ్డలపై జరిగిన మఱియొక విభజనలో అస్థిరజాతివారే అందఱికంటె ఎక్కువకాలము బ్రతికినట్లును, నిలుకడగా నుండి విడివిడిగా వ్యాపించు జాతివారి గతియే హీనమైనట్లును తేలినది. వృద్ధులలో ఎక్కువగా కనబడు గడ్డయే మంచి గడ్డ! తరతరముగ వయస్సునే తీర్పుగా చెప్పిన మన యాచారమునకు ఇంతకంటె సూటియైన ఎదురుదెబ్బ మఱి లేదు.

ఈ అస్థిరత యేమో కొంచెము వివరింపక తప్పదు. తాళపత్రమును ప్రతివ్రాయు లేఖకుడు ఒకే అక్షరము వరుసగ పదిసార్లు వచ్చినచోట తప్పక ఒకటి ఎక్కువో తక్కువో వ్రాయును. పక్కన కూర్చున్న పరిష్కర్త దానిని దిద్దును. కణము విభజించునపుడు మన వంశలిపికిని ఇదే జరుగును. ఎమ్ఎల్‌హెచ్1, పీఎమ్ఎస్2, ఎమ్ఎస్‌హెచ్2, ఎమ్ఎస్‌హెచ్6 అను నాలుగు ప్రోటీనులు ఆ దిద్దుబాటు చేయును. వయస్సు పైబడుకొలది కొందఱి జీర్ణకోశపు కణములలో ఎమ్ఎల్‌హెచ్1 జన్యువుపై మిథైలు ముద్ర పడి, అది చెడకయే మూగవోవును. తప్పులు వేలకొలది పేరుకొనును. తప్పులు పేరుకొన్న కణము వింత ప్రోటీనులను తయారుచేయును గనుక శరీర రక్షకదళము దానిని పరాయిదని పోల్చుకొని గట్టిగ ఎదుర్కొనును. గడ్డ పుట్టించిన లోపమే గడ్డను గుర్తుపట్టించు చిహ్నమగుట వింతయే. ఎమ్ఎల్‌హెచ్1 మూగవోవుట చాలమందిలో పుట్టుకతో వచ్చినది కాదు, పిల్లలకు సంక్రమించునదియు కాదు. ఇది మొదట చెప్పవలసిన మాట, ఏలయన ‘జన్యువు’ అని వినబడగానే మన యిండ్లలో పెండ్లీడు బిడ్డల మాట తలపునకు వచ్చును.

ఈ అస్థిరతను కనిపెట్టు పరీక్ష దగ్గఱగా చూచినచో మంత్రమేమియు కాదు. గొట్టముతో తీసిన ముక్క, బియ్యపుగింజకంటె చిన్నది, ఫార్మలీనులో నిలువ చేసి, మైనములో పోతపోసి, చేతివ్రేలి గోరంత దిమ్మగా చేయుదురు. ఆ దిమ్మను కత్తివాదరపై నాలుగు మైక్రానుల మందమున కోసి, గోరువెచ్చని నీటిపై తేలవైచి, గాజుపలకపైకి ఎత్తుదురు. నాలుగు పలకలు, నాలుగు ప్రోటీనులకు నాలుగు ప్రతిరక్షకములు. ప్రోటీను ఉన్న కణపుబీజము గోధుమవర్ణము పొందును, లేనిది నీలముగానే యుండును. నిపుణుడు మొదట చూచునది గడ్డను కాదు. గడ్డ నడుమ చిక్కుకొన్న మంచి కణములను, తెల్లకణములను. అవి గోధుమవర్ణము పొందినవి గదా యని నిశ్చయించుకొని, ఆ పిమ్మట గడ్డకణముల బీజములు నీలముగనే మిగిలినచో ‘లోపించినది’ అని వ్రాయును. మంచి కణములును నీలమైనచో తప్పు రంగుదే గాని రోగిది కాదు. పరీక్ష మరల చేయవలెను. ఈ చిన్న జాగ్రత్త పాటింపనిచోట ఒక వృద్ధునకు అర్హత లేని ఆశయో, అర్హమైన ఆశ దక్కకపోవుటయో సంభవించును.

ఫలితము వలన మాఱునదేమి? బ్రిటనులో జరిగిన మాజిక్ అను ప్రయోగము 2006లో శస్త్రచికిత్సకు ముందు వెనుకల కీమో ఇచ్చినచో అయిదేండ్లు బ్రతికినవారు ఇరువదిమూడు శాతమునుండి ముప్పదియాఱు శాతమునకు పెరిగిరని చూపి లోకమంతట ఆచారమైనది. ఆ రోగుల ముక్కలనే 2017లో తిరిగి పరీక్షింపగా, అస్థిరజాతివారికి కోతయొక్కటే చేసినపుడు మంచి ఫలితమును, కీమో చేర్చినపుడు లాభము లేకుండుటయు, నష్టమే సూచింపబడుటయు కనబడినది. సంఖ్య చిన్నది, శాసనముగ గొనరాదు. పలు ప్రయోగములను కలిపి చూచిన తరువాతి పరిశీలనలును ఆ దిక్కునే చూపినవి. ఆ 2017లోనే ఇట్టి గడ్డ ఏ యవయవమున పుట్టినను పెంబ్రోలిజుమాబ్ అను రక్షకశక్తి మందు ఇయ్యవచ్చునని అమెరికా ఔషధసంస్థ అనుమతించినది. ఆ మందు వెల మన రైతుకుటుంబమునకు అందునది కాదు. కాని కీమో మానుకొనుటకు వెల లేదు. డెబ్బదియైదేండ్ల మూత్రపిండములతో, చిక్కిపోయిన దేహముతో నున్నవానికి వలసిన చికిత్స యేదో తెలియుట యెంతయో, వలదనదగిన చికిత్స యేదో తెలియుటయు అంతే.

జన్యుచిహ్నము అన్నియు చెప్పునని నేను వాదింపను. గడ్డ గోడలో ఎంత లోతునకు దిగినదో, ఎన్ని శోషరసగ్రంథులకు సోకినదో అను పాతలెక్కయే నేటికిని ఆయుర్నిర్ణయమున ముఖ్యమైనది. కనీసము పదునాఱు గ్రంథులనైనను తీసి చూడనిదే ఆ లెక్క నమ్మదగినది కాదని నియమము. అదిగాక వృద్ధుడు గది యీచివరనుండి ఆచివరకు ఊతకఱ్ఱ లేక నడువగలడా, మూడునెలలలో ఎంత బరువు తగ్గినాడు, ఎన్ని మాత్రలు మ్రింగుచున్నాడు, ఇంటిలో అన్నము పెట్టువారెవరు అను ప్రశ్నలు గడ్డను గూర్చినవి కావు, మనిషిని గూర్చినవి. వృద్ధవైద్యము చెప్పు సమగ్రపరీక్ష ఇదియే. నాడి చూచిన వైద్యుడు ఈ ప్రశ్నలు తప్పక అడిగెడివాడు. రద్దీయగు బయటిరోగుల విభాగమున ఇవి అడుగుటకు వ్యవధి దొరకదు. డెబ్బదేండ్లు దాటినవారిని పెద్ద ప్రయోగములలో చేర్చుకొనుటయు తక్కువ గనుక, చేర్చుకొన్న బలవంతుల ఫలితమును చేరని బలహీనులకు అతికించుచున్నారు.

వాకిటిలో గొంతు తగ్గించి అడిగిన కొడుకు నేటికిని ఉన్నాడు. ఇప్పుడు వార్డు వసారాలో నిలుచుండి, “పెద్దాయనకు మాత్రం చెప్పొద్దండి సార్” అని ముందుగా ఒప్పించుకొని, ఆ పిదపనే నివేదిక చూపించును. పెద్దాయనకు తెలియదని వీరనుకొందురు, తెలిసినను తెలియనట్లు ఆయన యుండును. ఈ నాటకమున వైద్యునకు గూడ ఒక పాత్ర ఇచ్చుట మన మర్యాద. దానిని నేనిచట తప్పుపట్టను. “వయసైపోయింది గదా, ఇంకా పరీక్షలెందుకు” అను వాక్యమును మాత్రము వసారాలో కొడుకు పలికినను, బల్ల వెనుక వైద్యుడు పలికినను ఒప్పుకొనజాలను, ఏలయన ఆ నాలుగు పలకల పరీక్ష ఎక్కువగ ఫలించునది డెబ్బదేండ్లు దాటినవారియందే. హెర్2 చూచు ప్రయోగశాలలో దీనికి క్రొత్త యంత్రమేదియు అక్కఱలేదు. కోత కోసిన నాటి మైనపుదిమ్మ బీరువాలో ఏండ్ల తరబడి చెడక యుండును గనుక, ఊరికి తిరిగిపోయిన ముసలివానిని మరల తిరుపతికి రప్పింప బనియు లేదు.